చలికి పక్కకు జరిగిన గీత

మా ఏలూరులో ఫిబ్రవరి సగం గడిచేసరికే ఫ్యాను తిరగడం మొదలవుతుంది. ఆ ఫ్యాను కింద కూర్చుని ఇది రాస్తున్నాను. నెల కిందట వేళ్లు కొంకర్లు పోయి ల్యాప్‌టాప్ మూత తెరవలేకపోయానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కావడం లేదు. నేను వెళ్లింది విహారానికి కాదు. ఒక పెట్టె అబద్ధం చెబుతోందా, ఒక మనిషి అబద్ధం చెబుతోందా తేల్చడానికి.

పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రేడియోల పిచ్చి ఉన్న పాతికమంది స్నేహితుల బృందం మాది. ఫోన్ సిగ్నల్ అందని కొన్ని కొండ ఊళ్లలో మేం తలా కొంత వేసుకుని చిన్న పెట్టెలు పెట్టించాం. ఒక్కొక్కటి టిఫిన్ క్యారియర్‌లో గిన్నెంత ఉంటుంది. మీద రెండు బొత్తాలు. ఎర్రది నొక్కితే లోయలోని ఆరోగ్య కేంద్రంలో గంట మోగుతుంది, ఎవరికో ప్రాణం మీదికొచ్చింది, జీపు పంపండి అని. పచ్చది రోజూ తెల్లవారి ఐదున్నరకు నొక్కాలి, పెట్టె పనిచేస్తోంది, మేం బాగున్నాం అని. అది కేంద్రానికి అందితే అక్కడి నుంచి జవాబు వచ్చి పెట్టె మీద చిన్న దీపం వెలుగుతుంది. బ్యాటరీ అయిపోతుందని రోజుకు ఒక్కసారే నొక్కమన్నాం.

ఆ ఊళ్లలో ఒకదాన్ని పనసలొద్ది అనుకుందాం. అసలు పేరు రాయను. అక్కడి పెట్టె బాధ్యత చిలకమ్మది. ఆ ఊరి ఆశ కార్యకర్త. డిసెంబరు మొదలైనప్పటి నుంచి ఆమె పచ్చ బొత్తం ఒక్క రోజు కూడా కేంద్రానికి అందలేదు. అడిగితే రోజూ నొక్కుతున్నానంటుందట. "చలికి లేవలేని మనిషి దగ్గర పెట్టె ఎందుకండీ? కావాలని అడిగే ఊళ్లు ఇంకా ఉన్నాయి" అన్నారు మా కార్యదర్శి మూర్తి గారు. వచ్చే ఆదివారం సమావేశంలో పెట్టె తీసేయాలని తీర్మానం చేస్తామన్నారు. అది పోతే పనసలొద్దిలో పురిటి నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి ఆరు కిలోమీటర్లు భుజాల మీద మోసుకురావాలి. ఎవరైనా ఒకసారి చూసి వస్తే బాగుంటుందన్నాను. "అయితే మీరే వెళ్లండి మేడం" అన్నారు అందరూ, ఒక్క గొంతుతో.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆమె మీద అనుమానమే. "రీడింగ్ రాలేదు మేడం, మీటరు పాడైంది" అన్న మాట ముప్పై ఏళ్లు విన్న చెవులివి. నూటికి తొంభైసార్లు మీటరు బాగానే ఉండేది.

నర్సీపట్నం

బుధవారం పొద్దున్నే నర్సీపట్నంలో ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. చట్నీ అడిగిన కొద్దీ వేశారు. మా ఊళ్లో రెండోసారి చట్నీ అడిగితే ఆస్తి అడిగినట్టు చూస్తారు.

జీపు డ్రైవరు పేరు అప్పలరాజు. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు నా ఒళ్లోని సంచి వంక చూశాడు.

"ఏటమ్మా, పెద్ద పెట్టె ఎనక్కి ఇసిరేసి, ఈ సిన్న సంచి ఒళ్లో ఎట్టుకు కూకున్నారు? బంగారమేటి?"

తీసి చూపించాను. బొటనవేలంత సాఫ్ట్‌వేర్ రేడియో ఒకటి, అగ్గిపెట్టెంత ఉపగ్రహ గడియారం ఒకటి. మామూలు రేడియో ఒక స్టేషన్‌నే పట్టుకుంటుంది. ఇది చుట్టుపక్కల ఉన్న స్టేషన్లన్నిటినీ ఒకేసారి ల్యాప్‌టాప్ తెర మీద గీతలుగా చూపిస్తుంది. ఏ గీత ఉండాల్సిన చోట ఉంది, ఏది పక్కకు జరిగింది అన్నది కంటితో చూడొచ్చు. చిలకమ్మ పెట్టె నిజంగా మాట్లాడుతుంటే, తప్పు చోట మాట్లాడినా సరే, దీని కంట పడక తప్పదు.

"తప్పు సోట ఎందుకు మాటాడతాదమ్మా?" అన్నాడు అప్పలరాజు. మంచి ప్రశ్న. నా విద్యార్థుల్లో చాలామంది అడగని ప్రశ్న.

ప్రతి రేడియోలోనూ బియ్యపు గింజంత స్ఫటికం ముక్క ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది. ఆసిలేటరు అంటాం. మా పెట్టెలోది సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల సార్లు కొట్టుకుంటుంది. అది నిలకడగా ఉంటేనే పెట్టె తన చోట మాట్లాడుతుంది. అది కాస్త తొందరపడినా, నెమ్మదించినా గీత జరుగుతుంది. వినేవాడు పాత చోటే చెవి పెట్టుకుని కూర్చుంటాడు.

"అయితే మీరు నాడి సూసే డాట్రన్నమాట" అన్నాడు అప్పలరాజు. ఆ తర్వాత దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి డ్రైవరుకూ నన్ను డాక్టరమ్మగానే పరిచయం చేశాడు. లంబసింగి చేరేలోపు ముగ్గురికి మోకాళ్ల నొప్పులకు మందు చెప్పాల్సి వచ్చింది.

లంబసింగి

లంబసింగిలో చలి అమ్ముతారు. మంట పక్కన కుర్చీకి యాభై రూపాయలు, స్ట్రాబెర్రీలు డబ్బా నూట ఇరవై, వెదురు బొంగులో కోడి మూడు వందల యాభై. పొగమంచు ఒక్కటే ఉచితం. దాన్ని చూడటానికి విజయవాడ నుంచీ హైదరాబాదు నుంచీ కార్లు వరసకట్టి ఉన్నాయి. నేను కోడి తినలేదు, స్ట్రాబెర్రీలు మాత్రం డబ్బా మొత్తం ఒక్కదాన్నే తిన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. చిలకమ్మ పెట్టెను కొలిచే ముందు నా సొంత రేడియోను కొలుచుకోవాలి, దానిలోనూ స్ఫటికమే కదా ఉన్నది. సాయంత్రం లాడ్జి పిట్టగోడ మీద సామాను పరిచాను. రేడియో పెట్టగానే దాని గీత జరగడం మొదలైంది. తన ఒంటి వేడికి తనే జరుగుతోంది. అరగంటకు గానీ కుదురుకోలేదు. అందుకే ఉపగ్రహ గడియారం. కొలిచే కర్రే కుంచించుకుపోతుంటే ఇంకో కర్ర కావాలి.

"ఆంటీ, ఇది డ్రోన్ కంట్రోలరా?" అని ఒక హైదరాబాదు అబ్బాయి అడిగాడు. కాదన్నాను. అతనికి ఆసక్తి పోయింది.

ఇంతలో గడియారం మీది దీపం పచ్చగా మారింది. దానికి తొమ్మిది ఉపగ్రహాలు దొరికాయి. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ తొమ్మిదింటిలోనూ అణు గడియారాలు ఉంటాయి. అవి తమ సమయాన్ని భూమి మీదికి వదులుతూ ఉంటే, మొక్కజొన్న కంకులు కాల్చే పొగ మధ్య, మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక రిటైర్డు లేడీ లెక్చరరు అగ్గిపెట్టెతో దాన్ని పట్టుకుంటోంది. తెర మీద నా రేడియో తప్పు అంకెల్లో కనిపించింది. కోటి సార్లు కొట్టుకోవడంలో ఒక్కటి ఎక్కువైనా తెలిసిపోతోంది. ముప్పై ఏళ్లు దీన్ని బోర్డు మీద చెప్పాను. చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒళ్లు జలదరించలేదు. అక్కడ జలదరించింది, చలికి మాత్రం కాదు.

నిలకడను కొలిచే పద్ధతి కూడా చిత్రమైనదే. సెకనుకొకసారి చూస్తే ఏ స్ఫటికమైనా తడబడుతున్నట్టే ఉంటుంది. వంద సెకన్ల సగటు చూస్తే ఆ తడబాట్లు ఒకదానికొకటి కొట్టుకుపోయి గొప్ప నిలకడ కనిపిస్తుంది. గంటల తరబడి చూస్తే మళ్లీ చెడుతుంది, ఎండా చలీ దాన్ని మెల్లగా లాగేస్తాయి. ఏ వస్తువు గుణమైనా ఎంతసేపు చూశామన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ మాట నా మొహాన్నే కొట్టబోతోందని అప్పటికి తెలియదు.

గూడెం కొత్తవీధి

మర్నాడు గూడెం కొత్తవీధికి ముందు చెక్‌పోస్టులో జీపు ఆపారు. వైర్లూ యాంటెన్నాలూ చూసి కానిస్టేబుల్ మొహం బిగుసుకుంది. లైసెన్సు కాగితాలు చూపించాను. తిప్పి తిప్పి చదివాడు.

"ఇది టైము సూపిత్తాదంటన్నారు. నిజమేటి?"

"భూమి మీద దీనికంటే సరైన టైము దొరకడం కష్టం."

అతను తన చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు. నాలుగు నిమిషాలు వెనక ఉంది. సరిచేసి ఇచ్చాను. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, ఇద్దరికీ టీ తెప్పించాడు. కప్పు పది రూపాయలు, నన్ను ఇవ్వనివ్వలేదు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు మేరీ ఉన్నారు. నలభై దాటిన మనిషి, మిషన్ బడిలో చదువుకున్నానని చెప్పారు. గుమ్మానికి కట్టిన క్రిస్మస్ నక్షత్రం ఇంకా తీయలేదు. పెట్టెల సంకేతాలు అందుకునే తెర ఆమె బల్ల మీదే ఉంది. మిగతా ఊళ్ల వరసల్లో రోజుకో పచ్చ చుక్క. పనసలొద్ది వరస డిసెంబరు నుంచీ ఖాళీ.

"సిలకమ్మ మంచి గుంటే మేడం. వానాకాలంలో రాత్రనక పగలనక ఎర్ర బటన్ నొక్కి ఇద్దరు తల్లుల్ని దించింది. మరి ఈ సలిలో ఏటైపోనాదో!" అన్నారు. నాకు అన్నం పెట్టారు, కందికాయల కూరతో. నాకు మాత్రం ఆ ఖాళీ వరసే కళ్లలో మెదులుతోంది. రుజువు కళ్లెదుటే ఉందనుకున్నాను.

పనసలొద్ది

జీపు ఆగిన చోటు నుంచి ఆరు కిలోమీటర్లు నడక. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. గెడ్డ, అంటే కొండవాగు, దాటుతూ రాయి మీద కాలు జారి మోకాలి దాకా తడిశాను. సంచిని మాత్రం నెత్తిన పెట్టుకుని కాపాడాను. నా వెంట సామాను మోసుకొచ్చిన అప్పలరాజు, "డాట్రమ్మా, మోకాలికి మందు ఇప్పుడు మీకే కావాల" అన్నాడు.

చేరేసరికి మసక పడింది. చిలకమ్మ అత్తగారు ఎదురొచ్చింది. వేలి ఉంగరాలు లెక్కపెట్టలేనన్ని పెట్టుకున్న ముసలావిడ. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని "భోంచేశారా?" అంటాం. ఈమె, "సలేసినాదా?" అంది. జవాబు వినకుండానే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. కాఫీ తోటలున్న ఇంట్లో కాఫీ ఇస్తారనుకున్నాను. టీ ఇచ్చారు. కాఫీ గింజలు అమ్మడానికట, తాగడానికి కాదట. తర్వాత అడ్డాకు విస్తట్లో సామల అన్నం, రాజ్మా గింజల పులుసు. అలా తిని ఎన్నేళ్లయిందో.

చిలకమ్మకు ముప్పై ఏళ్లుంటాయి. తక్కువ మాట్లాడుతుంది. పెట్టె సంగతి ఎత్తితే, "రోజూ నొక్కుతన్నానమ్మా. పలకతా నేదు" అంది, అంతే. నేను తలూపాను, ల్యాబ్‌లో ఊపినట్టే.

శుక్రవారం ఐదింటికి లేచేసరికి పెట్టె పొయ్యికి మూరెడు దూరంలో, గోడవార ఉంది. దాని చోటు అదే కాబోలనుకున్నాను. రేడియో, గడియారం, ల్యాప్‌టాప్ అన్నీ సిద్ధం చేశాను. ఐదున్నరకు చిలకమ్మ వచ్చి పచ్చ బొత్తం నొక్కింది. తెర మీద గీత సరిగ్గా ఉండాల్సిన చోట మెరిసింది. మరుక్షణం పెట్టె మీద దీపం వెలిగింది.

చిలకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, పలికినాది! మీరొచ్చినారు, పలికినాది!"

ఏం నటన, అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. పెట్టెను ఆపకుండా మాట్లాడించే పరీక్ష స్విచ్చు ఒకటి ఉంటుంది, అది వేసి అరగంట పాటు గీతను కొలిచాను. మచ్చలేని నిలకడ. తర్వాత ఊరికి పైన, ఫోను అందే ఒకే ఒక్క చోటైన సిగ్నల్ బండ ఎక్కి మూర్తి గారికి మెసేజ్ పెట్టాను: "పెట్టె బాగానే ఉంది. లోపం పెట్టెది కాదు."

దిగి వచ్చాక ముసలావిడ చోడి అంబలి, అంటే మా రాగిజావే, ఇచ్చింది. తాగుతూ ఊరికే మాటకు అడిగాను, పొయ్యి పక్కన పెడితే పెట్టెకు మసి పట్టదా అని.

"పొయ్యి కాడ ఎవలెడతారమ్మా? అది బయట గుంజకి కదా ఉంటాది. మీ వోళ్లే బిగించినారు, కదపొద్దని. రాత్రి నానే ఇప్పి లోనికి తెచ్చినాను."

"ఎందుకూ?"

ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "ఆ పెట్టి మీ ఊరోళ్లదే కదా. సుట్టం ఇంటికొచ్చినాక సుట్టం సామాను సలిలో వొదిలేత్తామేటి? మాకు తప్పు కాదేటి?"

అంబలి గిన్నె కింద పెట్టేశాను. లేచి బయటికి వెళ్లాను. వసారా గుంజకు ఖాళీ ఇనుప పట్టీ వేలాడుతోంది. నా చెప్పులు లోపల పొయ్యి దగ్గర, తడిసిన నా చీర పొయ్యి దగ్గర, నా గొడుగు కూడా పొయ్యి దగ్గరే. వాళ్ల మర్యాద ప్రకారం నాతో పాటు నా పెట్టె కూడా వెచ్చగా పడుకుంది. అన్నీ కొలిచిన నేను చలిని కొలవడం మరిచాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

గుంజ మీద

శుక్రవారం సాయంత్రమే పెట్టెను గుంజకు బిగించాను. ముసలావిడకు బొత్తిగా నచ్చలేదు. శనివారం ఐదింటికి బయట నాలుగు డిగ్రీలు. పసుపు మడుల మీద మంచు తెల్లగా పేరుకుంది. ల్యాప్‌టాప్‌కు దుప్పటి కప్పాను, నాకు కప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు. నా రేడియోను మాత్రం లోపలే పొయ్యి దగ్గర ఉంచి తీగ బయటికి లాగాను. ఒకసారి చేసిన తప్పు మళ్లీ చెయ్యనుగా.

చిలకమ్మ నొక్కింది. దీపం వెలగలేదు.

ఉండాల్సిన చోట తెర చీకటిగా ఉంది. దానికి బాగా కుడిపక్కన, ఎవరూ చూడని చోట, ఒక వెలుగు గీత స్పష్టంగా, బలంగా మెరిసి ఆరిపోయింది.

"అదుగో" అన్నాను. "అదుగో చిలకమ్మా, అది నువ్వే."

పెట్టె సెకనుకు ఎనభై ఆరు కోట్ల అరవై లక్షల సార్లు ఊగుతూ మాట్లాడుతుంది. చలికి ఆ స్ఫటికం లక్షలో ఒక్క వంతు తప్పింది. ఆ ఒక్క వంతే ఇక్కడ దాదాపు తొమ్మిది వేలు. కేంద్రంలోని పెట్టె వినేది అటూ ఇటూ ఏడు వేల దాకానే. లోయలో కాస్త వెచ్చగా ఉండే ఊళ్ల పెట్టెలు బతికిపోయాయి. కొండ నీడలో, గాలికి ఎదురుగా వేలాడే ఈ ఒక్క పెట్టే హద్దు దాటేసింది.

పరీక్ష స్విచ్చు వేసి కూర్చున్నాను. చిలకమ్మ నా పక్కనే చతికిలబడింది. ఏడున్నరకు ఎదుటి కొండ మీంచి ఎండ వసారా గుంజకు తగిలింది. తెర మీద నిటారుగా జారుతున్న గీత కాస్త వంగింది. ఎడమకు, ఎడమకు, తన చోటుకు నడిచి వస్తోంది. చిన్న మబ్బు అడ్డం వచ్చింది, గీత ఆగింది. మబ్బు తొలగింది, మళ్లీ నడిచింది. కొండ మీద ఎండ పొడవడం చాలామంది చూసి ఉంటారు. ఆ ఎండను బియ్యపు గింజంత రాయి ఎలా అనుభవిస్తుందో నేను చూశాను.

తర్వాత నేను చెప్పేశాను. నిన్ను అనుమానించాను, పెట్టెది తప్పు కాదని నిన్ననే మెసేజ్ కూడా పెట్టాను అని.

"తెలుసమ్మా" అంది. "పైకొచ్చినోళ్లందరూ అలగే సూత్తారు."

"జవాబు రాకపోయినా రోజూ ఎందుకు నొక్కావు?"

"నొక్కమన్నారు కదా." పక్కింటి వైపు చూపిస్తూ, "ఆ ఇంట్లో గుంటకి నెల్లు నిండినాయి. నొప్పులు తెల్లారగట్ల వొత్తే ఎర్రది నొక్కుతాను కదా. అదీ పలకదా అమ్మా?"

పచ్చది అందకపోతే ఎర్రదీ అందదు. ఖాళీ వరసను హాజరు పట్టీలా చూస్తూ వచ్చామే గానీ, ఇన్ని చలి పొద్దుల్లో ఈ ఊరికి నోరే లేదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

సిగ్నల్ బండ

బండ ఎక్కి మూర్తి గారికి ఫోన్ చేశాను. మొత్తం విన్నారు. "ఆవిడ అబద్ధం చెప్పలేదు, సంతోషం. కానీ మేడం, చలికాలమంతా మూగగా ఉండే పెట్టెను అక్కడుంచి ఏం లాభం? నిలకడైన స్ఫటికం ఉన్న పెట్టె కొత్తగా చేయించాలంటే వచ్చే ఏడే. ఈలోగా దీన్ని కింది ఊరికి ఇద్దాం. రేపు పదింటికి సమావేశం."

ఆయన మాటలో అన్యాయం లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి మాట నిలబెట్టాను, ఆ మనిషికి కావలసిన పెట్టెను మాత్రం నిలబెట్టలేకపోతున్నాను.

దిగి వచ్చి అత్తాకోడళ్లిద్దరినీ కూర్చోబెట్టి అడిగాను. ఈ ఇంట్లో పగలూ రాత్రీ ఒకే వేడి ఉండే చోటు ఉందా? నిప్పుకు మరీ దగ్గర కాకూడదు, తలుపు తీస్తే గాలి తగలకూడదు.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇంత తేలిక ప్రశ్న ఎవరూ అడగరన్నట్టు ముసలావిడ పైకి చూపించింది. "ఇత్తనాల సోటు."

విత్తనాల చోటు

పొయ్యికి నిలువెత్తు పైన, కాస్త పక్కగా, వెదురు అటక. పేడ అలికిన బుట్టల్లో చోళ్లు, సామలు, ఎండు సొరకాయ బుర్రల్లో రాజ్మా గింజలు. వచ్చే వానలకు నాటాల్సిన విత్తనమంతా అక్కడే. చలికాలంలో ఆ పొయ్యి ఆరదు. నిప్పు ఎక్కువైతే ముసలావిడ కట్టె వెనక్కి లాగుతుంది, తగ్గితే ముందుకు తోస్తుంది. చెయ్యి పైకెత్తి మణికట్టుతో అటక వేడి చూస్తుంది.

"ఏడెక్కువైతే ఇత్తనం సచ్చిపోద్ది. సల్లబడితే పురుగు పట్టుద్ది. మా అత్త నేర్పినాది నాకు."

చిలకమ్మ నా థర్మామీటరును అటక మీద పెట్టింది. సాయంత్రం దాకా చూశాను. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై ఒకటి. నేను నోరు తెరిచాను. మా రంగంలో అతి నిలకడైన ఆసిలేటరు కావాలంటే స్ఫటికాన్ని బుల్లి పొయ్యిలో పెట్టి, వేడి ఒక్క పిసరు మారకుండా కాస్తారు. దాని ధరకు ఈ ఇంటి మీద కొత్త రేకులు వేయించొచ్చు. ఆ పొయ్యిని ఈమె ఏ చదువూ లేకుండా, చిరుధాన్యం కోసం, చేతి మణికట్టుతో నడుపుతోంది. ఆ ముసలావిడకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది.

పెట్టె పైన పెట్టడానికి నేను నిచ్చెన ఎక్కబోతే ఆపింది.

"మీ పెట్టి ఎక్కొచ్చు. మీ సెయ్యి ఎక్కకూడదమ్మా. పొరుగోళ్ల సెయ్యి తగిల్తే ఇత్తనం అలుగుద్ది."

సరే అని వైర్ల పనంతా కిందే చేసి ఇచ్చాను. పెట్టెను ఆమే ఎక్కించి, సామల బుట్టకూ చోళ్ల బుట్టకూ మధ్య పెట్టింది. యాంటెన్నా మాత్రం గుంజ మీదే ఉంచి, నా దగ్గరున్న పొడుగు తీగను చూరు కింది సందులోంచి లాగి కలిపాను. పచ్చ, ఎర్ర బొత్తాలను పెట్టె నుంచి విప్పి, వైర్లు పొడిగించి, నొక్కడానికి వీలుగా కింద గోడకు బిగించాను. ఈ పనిలో టంకం కాల్చే కడ్డీ బదులు పొయ్యిలో కాల్చిన మేకు వాడాను. బొటనవేలు కాలింది. చేతులు కాలాక పట్టుకోవడానికి ముసలావిడ ఏవో ఆకులు నిజంగానే తెచ్చి నలిపి రాసింది.

ఆదివారం బయట మూడు డిగ్రీలు. ఐదున్నరకు చిలకమ్మ తల మీద కొంగు సర్దుకుని గోడ దగ్గర నిలబడింది. పక్కింటి నిండు చూలాలు కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. చిలకమ్మ నొక్కింది.

గీత తన చోట మెరిసింది. అటక మీద, బుట్టల మధ్య, దీపం వెలిగింది.

ఎవరూ అరవలేదు. ముసలావిడ మాత్రం కట్టె ఒకటి వెనక్కి లాగింది, వేడి ఎక్కువవుతోందని. ఆమె చేత పరీక్ష స్విచ్చు వేయించి గంటసేపు కొలిచాను. సెకనుకు, పది సెకన్లకు, వంద సెకన్లకు, అరగంటకు. గీత నూలు పట్టినట్టు నిలబడింది. నా రిటైర్మెంటు దాకా మా ల్యాబ్‌లో ఇంత మంచి రీడింగు ఒక్కటీ రాలేదు.

నేను బండ ఎక్కి ఫోన్ చేసేసరికే మూర్తి గారికి కబురు అందింది. మేరీ గారు తెర మీద పచ్చ చుక్క చూసి, చర్చికి వెళ్లబోతూ ఆగి మరీ ఫోన్ చేశారట. "పెట్టె అక్కడే ఉంటుంది మేడం" అన్నారాయన. "మిగతా ఊళ్లలో కూడా విత్తనాల చోటు ఎక్కడో కనుక్కుంటారా?" అని అడిగారు.

సామాను దించి వెళ్లిన అప్పలరాజు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు, బయలుదేరాను. చిలకమ్మ గెడ్డ దాకా వచ్చింది. రాయి మీద నా చెయ్యి పట్టుకుని దాటించింది. అవతలి గట్టున నిలబడి అడిగింది.

"అమ్మా, ఇప్పుడు సరే. ఇంతకు ముందు నొక్కినవన్నీ ఏటైపోనాయి?"

నాకు తెలిసింది చెప్పాను. ఆ సంకేతాలు ఆగవు. కొండల్ని దాటి ఆకాశంలోకి వెళ్తాయి. నాలుగైదు గంటల్లో సూర్యుడి చుట్టూ తిరిగే ఆఖరి గ్రహాన్ని కూడా దాటేస్తాయి. నువ్వు డిసెంబరులో నొక్కినవి ఈ క్షణాన కూడా, సన్నబడుతూ, ఇంకా దూరంగా పోతూనే ఉన్నాయి. మనిషన్నవాడు ఎవడూ పోనంత దూరం.

చిలకమ్మ ఆకాశం వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. నేనక్కడున్న మూడు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

"అంత దూరం ఎల్లినాయి గానీ, ఈ కిందనున్న ఆస్పత్రికి ఎల్లనేకపోనాయా అమ్మా?"